పావ్‌పా కాసిన ఏడు

మా పెరట్లో పావ్‌పా చెట్టు కాసిన ఏడు నేను పడ్డ భయం పగవాళ్లకి కూడా వద్దు.

పావ్‌పా అంటే బొప్పాయి అనుకునేరు, కాదు. మిషిగన్ చలికి బొప్పాయి నాలుగు రోజులు బతకదు. ఇది ఇక్కడి అడవి జాతి. శీతాకాలమంతా మోకాటి లోతు మంచులో మోడై నిలబడి, మే నెల వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు మొగ్గ తొడుగుతుంది. ఆకు కంటే ముందు పువ్వు వస్తుంది. ఆ పువ్వయినా చూడముచ్చటగా ఉంటుందా అంటే అదీ లేదు. ఎండిన నెత్తురు రంగు, నేలచూపులు, దగ్గరికెళితే మురిగిన మాంసం వాసన. తేనెటీగలు దాని మొహం చూడవు, ఈగలు రావాలి.

డెబ్భై తొమ్మిదిలో మేము నోవైలో ఇల్లు కొనేసరికే ఆ చెట్టు అక్కడ ఉంది. ఏటా పూసేది, ఒక్క పిందె కూడా నిలిచేది కాదు. కొట్టేసి టమాటాలు వేసుకుందామండీ అంటే మా ఆయన ఒప్పుకోలేదు. మా ఆయన సుందర్ రాజ్ కార్ల కంపెనీలో ఇంజనీరు. దేన్నయినా రిపేరు చేద్దామంటారు గాని పారేద్దామంటే వినరు.

దాని గుట్టు విప్పింది పక్కింటి ఎడ్నా. డెబ్భై ఏళ్ల మనిషి, భర్త పోయాడు, ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరయింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే గాని, నాకు గుర్తున్నది మాత్రం తెలుగులోనే. ఎనభై ఒకటి మే నెలలో ఒకరోజు కంచె మీదుగా నన్ను పిలిచింది.

"వసంతా, ఒంటరి చెట్టు కాయదు. దాని పుప్పొడి దానికే పనికిరాదు. మా వైపు ఇంకో పావ్‌పా ఉంది, దాని పుప్పొడి తెచ్చి మీ పువ్వులకి పెట్టాలి. ఈగలకి బద్ధకమైతే మనం చేద్దాం."

మా అమ్మాయి లూసీకి అప్పుడు ఎనిమిదేళ్లు. దాని వాటర్ కలర్ బ్రష్ కడిగి ఇచ్చాను. స్టూలెక్కి, నాలుక పెదవి మీద పెట్టుకుని, ఒక్కో పువ్వునీ రెండు వేళ్లతో ఎత్తి బ్రష్ తిప్పుతూ ఉంటే, నడుం దాకా ఉన్న జడ అటూ ఇటూ ఊగేది. ఆ జడంటే నాకు ఎంత గర్వమో! నలుగురిలోకి వెళితే ముందు ఆ జడని ముందుకి వేసేదాన్ని. దిష్టి తగులుతుందని మా అమ్మ ఉత్తరాల్లో తిడుతూనే ఉండేది.

పిందెలు పడ్డ వారానికే టీవీలో చెప్పారు, రాత్రికి మంచు కురుస్తుందని. పొద్దు వాలకముందే బీరువాలో చీరలు నాలుగు తీసి చెట్టు చుట్టూ కట్టాను.

"చెట్టుకి చీర కట్టావు, రేపు బొట్టు కూడా పెడతావా ఏంటి?" అన్నారు మా ఆయన. "చర్చివాళ్లు చూస్తే ప్రేయర్‌లో మన పేరు చదువుతారు."

"చదవనివ్వండి. పిందె నిలిస్తే చాలు."

పిందె నిలిచింది. అరటి అత్తాల్లాగా రెండేసి, మూడేసి. ఆకు పెద్దదయ్యాక కాయ కనిపించడం మానేసింది. ఆకూ పచ్చనే, కాయా పచ్చనే. నేను చెట్టు చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఏడే లెక్కకి వచ్చేవి. లూసీ దూరం నుంచి వేలు చూపించి పదకొండు అనేది. ఒక్కోటీ చూపించాక గాని నాకు కనబడేది కాదు.

"నీవి గద్దకళ్లే," అనేదాన్ని. అది నవ్వేది. ఆ మాట తరవాత ఎన్నిసార్లు గుర్తొచ్చి గుండె కలుక్కుమందో దేవుడికే తెలుసు.

సెప్టెంబరు రెండోవారంలో మొదటి పండు రాలింది. కోసి నోట్లో పెట్టుకున్నాను. సీతాఫలం! అరటిపండు వాసన తగిలిన సీతాఫలం. కొండవీటి కొండల కింద మా అమ్మమ్మ ఊళ్లో తిన్న తరవాత పదేళ్లకి మళ్లీ అదే మెత్తదనం, అదే పాలగుజ్జు. లోపల అవే నున్నటి నల్లగింజలు, కాకపోతే చిక్కుడుగింజంత పెద్దవి. ఏడుస్తూ తిన్నాను. మా ఆయన నవ్వారు గాని ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

ఎడ్నా కూడా ఒక పండు తింది. గింజలు పళ్లెంలో వేస్తూ చెప్పింది. "వీటిని నమలకూడదు. కడుపులో పడితే మంచిది కాదు, విషం. మొలక కావాలంటే తడికాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు, వసంతకాలంలో నాటుదువు గాని."

"మాకు తెలుసు ఎడ్నా. మా ఊళ్లో దీనికి చుట్టం ఉంది," అన్నాను.

తెలుసన్న మాటే నా కొంప ముంచింది. సగం గింజలు ఫ్రిజ్‌లో పెట్టాను. మిగతా సగం కిటికీలో ఎండబెట్టాను. ఎందుకు ఎండబెడుతున్నానో అప్పటికి నాకే తెలియదు. ఎండిన సీతాఫలం గింజలు ఇంట్లో ఉండాలన్నది మా అమ్మమ్మ అలవాటు, నా చేతులకి వచ్చేసింది.

పండ్లు ఒక్కొక్కటే రాలాయి. ఒక ఆదివారం ప్రేయర్‌కి వచ్చినవాళ్లకి మిగిలినవి పెట్టాను. పదకొండూ అయిపోయాయి.

ఆ సోమవారమే స్కూల్ నుంచి చీటీ వచ్చింది. లూసీ తలలో పేలు ఉన్నాయి, తీసేదాకా బడికి పంపవద్దు అని. సిగ్గుతో చచ్చిపోయాను. మన దగ్గర పేలు లేని ఆడపిల్ల ఎవరు? అరుగుమీద కూచుని ఒకరి తల ఒకరు చూసుకుంటూ సాయంత్రాలు గడిపినవాళ్లమే. ఇక్కడ అది మహా నేరం. షాపులో షాంపూ కొన్నాను, రుద్దాను, పేల దువ్వెనతో గంట దువ్వాను. గురువారం బడికి పంపితే పది గంటలకి ఫోన్. ఈపులు ఇంకా ఉన్నాయట, వచ్చి తీసుకెళ్లాలట. మళ్లీ షాంపూ. మళ్లీ చీటీ. ఈసారి నర్సు మెత్తగానే చెప్పింది, జుట్టు పొట్టిగా కత్తిరిస్తే పని తేలికని.

లూసీ ఆ మాట విని జడ రెండు చేతులతో పట్టుకుంది. "నో మమ్మీ. ప్లీజ్. కట్ చెయ్యొద్దు."

"ఎవరు కట్ చేస్తారే? నా ప్రాణం పోయినా చెయ్యనివ్వను," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

ఉషకి ఫోన్ చేశాను. రెండు వీధుల అవతల ఉండేది, మంచిదే గాని దాని నోట్లో నుంచి మంచివార్త ఎప్పుడూ రాదు.

"వసంతా, లైట్‌గా తీసుకోకు. రెండుసార్లు రాశారంటే మూడోసారి ఫైల్ ఓపెన్ చేస్తారు. ఒహాయోలో ఎక్కడో మనవాళ్లేనట, పిల్లాడికి జబ్బు చేస్తే వాత పెట్టారట. డాక్టర్ ఆ మచ్చ చూసి ఫోన్ చేశాడట. గవర్నమెంట్‌వాళ్లు కారేసుకుని వచ్చి పిల్లాణ్ణి తీసుకెళ్లిపోయారట. మూడు నెలలు మొహం చూపించలేదట."

"నిజమేనా?"

"మా వారి ఫ్రెండ్ చెప్పాడు. పేరెంట్స్ సరిగా చూడట్లేదంటే అంతే ఇక్కడ. పిల్లలు మనవాళ్లు కాదు, గవర్నమెంట్‌వాళ్లు."

అది నిజమో గాలిమాటో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు మాత్రం నిజమే అనిపించింది. ఫోన్ పెట్టేసి కిటికీ వైపు చూశాను. గింజలు కరకరలాడేలా ఎండిపోయి ఉన్నాయి.

మా అమ్మమ్మ ఏడాదికి రెండుసార్లు మా తలలకి సీతాఫలం గింజల ముద్ద పట్టించేది. ఒక్క పూటలో పేలన్నీ మటుమాయం. గింజ ఎలా పగలగొట్టాలో, పొడి ఎలా నూరాలో, కొబ్బరినూనెలో ఎంత చిక్కగా కలపాలో అన్నీ నాకు గుర్తున్నాయి. ఇంకోటి కూడా గుర్తుంది. ముద్ద పెట్టేముందు అమ్మమ్మ తడిగుడ్డ మడత పెట్టి మా కళ్లకి గట్టిగా కట్టేది. "కదిలారో, బూచాడు వస్తాడు," అనేది. కదలకుండా కూచోబెట్టడానికే ఆ గుడ్డ అనుకున్నాను. దాగుడుమూతల్లాంటి ఆట అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు వచ్చినా అలాగే అనుకున్నాను.

అది శనివారం. మా ఆయన ఆఫీసు పనిమీద టొలీడో వెళ్లారు, కారు ఆయన దగ్గరే. పొద్దున్నే లూసీ టీవీ ముందు కార్పెట్ మీద చతికిలబడింది. శనివారం పొద్దున కార్టూన్లంటే దానికి చర్చి కంటే ఎక్కువ. నేను ఇండియా నుంచి తెచ్చుకున్న చిన్న రాతికల్వంలో గింజలు నూరాను. అబ్బ, ఎంత గట్టివో! చేతులు నొప్పెట్టి టీ జల్లెడతో జల్లించి సరిపెట్టాను. బరకగానే ఉంది. నూనె వెచ్చబెట్టి కలిపాను.

"కళ్లకి గుడ్డ కట్టనా?" అన్నాను.

"మమ్మీ! కార్టూన్స్ ఎలా చూస్తాను?"

నిజమే కదా అనిపించింది. అదొక్కటే కదా పిల్లకి సరదా, వారమంతా బడి లేక, ఆడుకోవడానికి ఒక్క పిల్లా రాక బిక్కచచ్చి ఉంది. గుడ్డ పక్కన పెట్టేశాను. కుదుళ్ల నుంచి కొసల దాకా ముద్ద పట్టించి, జుట్టంతా ముడేసి, పైన తువ్వాలు చుట్టాను. కళ్లు మాత్రం వదిలేశాను.

వెచ్చటి నూనె తువ్వాలు కింద నుంచి కారడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో కల్వం కడుగుతున్నాను. లూసీ నుదురు చేత్తో తుడుచుకుంది, అదే చేత్తో కళ్లు నలుపుకుంది.

"మమ్మీ, ఇచ్చింగ్," అంది మొదట.

కుళాయి దగ్గర కళ్లు కడిగాను. తల కూడా కడిగేశాను. పేలు పొరలు పొరలుగా వచ్చి టబ్బులో పడ్డాయి. అవి చూసి సంతోషించానంటే మీరు నమ్ముతారా? ఎంత బుద్ధిలేనిదాన్నో! మధ్యాహ్నానికి పిల్ల కళ్లు తెరవడం మానేసింది. ఎడమకన్ను ఎర్రగా వాచి, సందులోంచి ధారగా నీళ్లు. కిటికీ పరదా తీస్తే కేక పెట్టింది.

"మమ్మీ, లైట్ ఆపు! లైట్ ఆపు! ఐ కాంట్ ఓపెన్ ఇట్!"

పరదా వేశాను. చెప్పులు లేకుండా పరిగెత్తి ఎడ్నా తలుపు బాదాను. ఆవిడ వచ్చి పిల్ల మొహం చూసింది. సింకు దగ్గర కల్వం చూసింది, జల్లెడలో మిగిలిన గోధుమరంగు పొడి చూసింది. కారు తాళాలు తీసుకుంది.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు. పని ఒత్తిడిలో ఉన్నాడు పాపం, హాలంతా జనం. "కంట్లో ఏం పడింది?" అన్నాడు.

ఉష మాటలు చెవిలో గింగురుమన్నాయి. కారేసుకుని వచ్చారట. మూడు నెలలు చూపించలేదట.

"షాంపూ," అన్నాను. "పేల షాంపూ."

రాసుకున్నాడు. సీసాల కొద్దీ నీళ్లతో కళ్లు కడిగాడు, చుక్కలు వేశాడు, ఎడమకంటికి కట్టు కట్టాడు. రెండు రోజుల్లో తగ్గుతుంది, ఎందుకైనా మంచిది సోమవారం కంటి డాక్టరుకి చూపించండి అన్నాడు. అంతే. ఇంత సులువుగా తప్పించుకున్నానా అనుకున్నాను.

కారులో చాలా దూరం వచ్చాక ఎడ్నా రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అంది. "వసంతా, ఆ డాక్టరుకి నువ్వు చెప్పింది నిజం కాదు."

నా గుండెలో ఆపుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "చెబితే నా పిల్లని తీసుకుపోతారు ఎడ్నా! చేతులారా విషం పెట్టాననుకుంటారు. నా పిల్లని నాకివ్వరు!"

ఎడ్నా ఏదో చెప్పబోయి అద్దంలో వెనక్కి చూసి ఆగిపోయింది. వెనక సీట్లో లూసీ నిద్రపోతోందనుకున్నాను. కట్టు లేని కన్ను కూడా మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూచుని ఉంది.

ఆదివారం మా ఆయన వచ్చేసరికి కన్ను ఇంకా వాచింది. పిల్ల రెప్ప ఆడించినప్పుడల్లా లోపల ఏదో గీరుతోందని ఏడుస్తోంది. ఆయనతో అంతా చెప్పాను. గరాజ్‌లోకి వెళ్లి రంపం తెచ్చుకుని నేరుగా చెట్టు దగ్గరికి నడిచారు. నేను వెనకే పరిగెత్తి మొదలు పట్టుకున్నాను.

"చెట్టేం చేసిందండీ? చేసింది నేను. కొయ్యాలంటే నా చేతులు కొయ్యండి."

రంపం గడ్డిలో పడేసి అక్కడే కూలబడ్డారు. ఇంత మనిషీ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చారు. కళ్లు తుడుచుకుని అన్నారు. "డాక్టర్‌కి చెప్పాలి. కాని వసంతా, డిసెంబర్‌లో సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది. ఏదైనా కేస్ అయితే? ఇంకో రోజు చూద్దామా?"

చూద్దామన్నాను. ఆయన భయం నా భయానికి తోడైంది. పిల్ల పక్కన మోకరించి ప్రార్థన చేశాను. ఏమని చెయ్యను? ప్రభువా, కన్ను బాగుచెయ్యి, కాని నిజం మాత్రం బయటపడనివ్వకు అని. అలాంటి ప్రార్థన ఆయన వింటాడా?

సోమవారం ఎడ్నాయే తీసుకెళ్లింది. మా ఆయనకి సెలవు దొరకలేదు. బయల్దేరేముందు ఫ్రిజ్ తెరిచి తడికాగితంలో ఉన్న గింజలు నాలుగు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. చెబుతానని కాదు.

కంటి డాక్టరు పెద్దావిడ, నెరిసిన జుట్టు. కట్టు విప్పి లైటు వేసి చాలాసేపు చూసింది. ఆవిడ మొహం నాకు నచ్చలేదు. "షాంపూ అయితే ఈపాటికి తగ్గాలి," అంది. నా వైపు చూడలేదు. వంగి లూసీనే అడిగింది. "బంగారూ, నీ కంట్లో ఏం పడిందో నువ్వు చెప్పు."

లూసీ ఆ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"షాంపూ," అంది. గొంతు వణకలేదు. "మా మమ్మీ కాదు. నేనే పోసుకున్నాను. మమ్మీకి తెలియదు."

కన్ను పోతున్నా నన్ను కాపాడుతోంది ఆ పసిది. ఎనిమిదేళ్ల పిల్ల.

హ్యాండ్‌బ్యాగ్ తెరిచాను. గింజలు డాక్టరు బల్ల మీద పెట్టాను. "ఇవి," అన్నాను. "నూరి నూనెలో కలిపి తలకి పెట్టాను. పేలకి. నేనే పెట్టాను. పిల్ల అబద్ధం చెబుతోంది." నా ఇంగ్లీషు ఎలా ఉందో ఏమో, ఆవిడకి అర్థమైంది. లూసీ నా చెయ్యి వెతికి పట్టుకుని "మమ్మీ, డోంట్!" అని ఏడవడం మొదలుపెట్టింది.

డాక్టరు ఎడమకంటి పై రెప్పని వెనక్కి తిప్పింది. లోపల మూడు గోధుమరంగు నలుసులు, రెప్ప మాంసంలో గుచ్చుకుని ఉన్నాయి. బరకగా ఉందని వదిలేసిన పొడి. సన్నటి పరికరంతో ఒక్కొక్కటే తీసి తెల్లటి దూది మీద పెట్టింది. మళ్లీ కళ్లు కడిగింది, మందు వేసింది, ఈసారి రెండు కళ్లకీ కట్టు కట్టింది.

"శనివారమే ఇది తెలిసుంటే," అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఊరుకుంది.

కట్టు ఆరు రోజులు. లూసీ నా కొంగు పట్టుకుని ఇల్లంతా తిరిగేది. ముద్ద నేను పెడితే తినేది. బుధవారం ఒకావిడ ఫైలు పట్టుకుని వచ్చింది, ఆసుపత్రి నుంచి కబురు వెళ్లిందట. ఉష చెప్పిన కారు ఇదేననుకున్నాను. బల్ల దగ్గర కూచుని అన్నీ అడిగింది, కల్వం చూపించమంది, చూపించాను. లూసీతో ఒంటరిగా మాట్లాడాలని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. ఆ తలుపు ముందు నేలమీద కూచున్నాను. గోడకి ఆనుకుని మా ఆయన. ఎడ్నా తనంతట తనే వచ్చి వరండాలో కుర్చీ వేసుకుంది, తనతో మాట్లాడనిదే ఈ కారు కదలదు అన్నట్టు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ బయటికి వచ్చి ఎడ్నాతో కాసేపు మాట్లాడింది. తరవాత నాతో అంది. "పిల్ల భయపడుతున్నది మీకు కాదు, నాకు." మరి రాలేదు.

శనివారం కట్టు విప్పారు. కుడికన్ను శుభ్రంగా ఉంది. ఎడమకంటి నల్లగుడ్డు మీద పల్చటి మబ్బు. అది కరగొచ్చు, కరగకపోవచ్చు అంది డాక్టరు. ఎంత కనిపిస్తోందో పిల్లే చెప్పాలి. గోడమీద అక్షరాలు చదివించింది. లూసీ కుడికంటితో గడగడా చదివింది. తరవాత ఎడమకంటితోనూ అంతే గడగడా చదివింది, ఒక్క తప్పు లేదు. డాక్టరు సంతోషించింది. నేను సంతోషించలేదు. క్లాసులో పద్యాలు ఒక్కసారి వింటే ఒప్పజెప్పే పిల్ల అది. ఆ అక్షరాలు దానికి నోటికి వచ్చేశాయని నాకు తెలుసు.

"లూసీ, నిజం చెప్పు. ఎడమకంటికి కనిపిస్తోందా?"

"ఫైన్ మమ్మీ."

"మసగ్గా ఉందా?"

"నో. ఎవ్రీథింగ్ ఫైన్."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే నవ్వు. ఒకసారి మెట్టు తప్పి పడబోయింది, "చూడలేదు మమ్మీ" అంది గబుక్కున, మళ్లీ "చూశాను, జారింది" అని దిద్దుకుంది. నాకోసం అబద్ధం చెప్పడం నేనే నేర్పాను. ఇప్పుడు అది నిజం చెప్పినా నమ్మలేని గతి పట్టింది. రాత్రుళ్లు దాని మొహంలోకి చూస్తూ పడుకునేదాన్ని. ఆ కన్ను పోయిందేమో, పోయిందని జీవితమంతా నాకు చెప్పదేమో అని ఒకటే భయం.

అక్టోబరు మూడోవారం. పావ్‌పా ఆకులన్నీ పసుపురంగుకి తిరిగాయి. పెరట్లో ఆకులు ఊడుస్తున్నాను. లూసీ నా వెనకే ఉంది. జుట్టు భుజాల దాకా కత్తిరించేశాను. నేనే కత్తిరించాను, ఎవరూ చెప్పకుండానే.

"మమ్మీ, పైన ఒకటుంది."

"ఏంటే?"

"పావ్‌పా."

"పదకొండూ అయిపోయాయి కదే."

"ఇది ట్వెల్త్."

చీపురు వదిలేశాను. "కుడికన్ను మూసుకో," అన్నాను. అరచెయ్యి గట్టిగా అదిమి మూసుకుంది. దగ్గరికెళ్లి వేళ్ల సందుల్లో ఖాళీ ఉందేమోనని కూడా చూశాను. తల్లినై ఉండి, దొంగని సోదా చేసినట్టు చూశాను. ఇందాక రెండు కళ్లతో చూసింది ఒప్పజెప్పకుండా, చెట్టుకి అవతలివైపు నడిపించి నిలబెట్టాను.

"ఇప్పుడు చెప్పు."

"ఉంది. ఆ కొమ్మ పక్కన, పైన. ఎల్లోగా ఉంది. ఇటువైపు బ్లాక్ మచ్చ ఉంది, అటు నుంచి కనిపించలేదు."

తలెత్తి చూశాను. ఆకులు. పసుపుపచ్చటి ఆకులు, వాటి మధ్య ఆకాశం. కొమ్మ కొమ్మా వెతికాను. ఏమీ లేదు.

"తల్లీ, కనిపించకపోతే కనిపించలేదని చెప్పు. ఏమీ అనను. నిన్ను ఎవరూ తీసుకెళ్లరు. నా మీద ఒట్టు. మమ్మీకి అబద్ధం చెప్పకు."

"ఐయామ్ నాట్ లయింగ్!" దాని గొంతు పగిలిపోయింది. అరచెయ్యి మాత్రం కంటిమీద నుంచి తియ్యలేదు.

చెట్టు మొదలు రెండు చేతులా పట్టుకుని ఊపాను. ఆకులు జలజలా మా నెత్తిన రాలాయి. ఇంకేమీ రాలలేదు. మళ్లీ ఊపాను, ఒళ్లు తెలియకుండా, ఏడుస్తూ ఊపాను. కంచె అవతల ఎడ్నా తలుపు తెరిచిన చప్పుడైంది.

వెనక గడ్డిలో ధబ్బుమంది.

వంగి ఆకులు తప్పించాను. పసుపుపచ్చగా, మెత్తగా, ఒకవైపు పగిలి, నా గుప్పెడంత పండు. పైన బొటనవేలంత నల్లమచ్చ.

లూసీ నా ఎదురుగా నిలబడి ఉంది. కుడికన్ను ఇంకా అలాగే మూసుకుని ఉంది. తియ్యమని నేను చెప్పలేదు మరి.

"ఈసారి నిజమే చెప్పాను మమ్మీ," అంది.